శివారు వంతు

సామర్లకోట నుంచి కాకినాడ వెళ్ళే కాలువ గట్టు మీద ఉంటుంది మా పేట. గట్టుకి ఇవతల రోడ్డు, అవతల చేలు, చేల మధ్య ఇప్పుడు రొయ్యల చెరువులు. తెల్లవారకముందే ఒక బస్సు వచ్చి మా గుడి ఎదురుగా ఆగి హారన్ కొట్టేది. గుడి అంటే చర్చే. మేం తాతల కాలం నుంచి బాప్టిస్టులం. అయినా ‘గుడికెళ్ళొస్తాం’ అనే అంటాం. ఆ హారన్ వినగానే మా ఆవిడ క్యారేజీ చేత్తో పట్టుకుని, చెంగు తల మీదకి లాక్కుని, చెప్పులు సగం తొడుక్కుంటూనే పరిగెత్తేది. అది కాకినాడ దారిలో ఉన్న రొయ్యల ఫ్యాక్టరీ బస్సు. మా పేట ఆడవాళ్ళలో సగంపైగా అందులోనే వెళ్ళేవారు.

బస్సు వెళ్ళాక నేను ఆటో తీసేవాణ్ణి. సామర్లకోట స్టేషన్ బయట రైలు కోసం కాచుకునేటప్పుడు తక్కిన డ్రైవర్లు ఫోన్లు చూసుకుంటారు, నేను పుస్తకం చదువుకుంటాను. పదో తరగతితో నా బడి ఆగింది. శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం కట్టాక చదువు మొదలైంది. పోటీ పరీక్షల పిల్లలు నలిపి వదిలేసిన రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం పుస్తకాలు అన్నీ చదివాను, కొన్ని రెండోసారి కూడా. తెలియని మాట వస్తే లైబ్రేరియన్ గారు అర్థం చెప్పేవారు కాదు, నిఘంటువు తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయేవారు. అలా నేర్చుకున్న మాటలు నావే అనిపిస్తాయి. ‘సార్వభౌమాధికారం’ అన్న మాట మొదటిసారి అర్థమైన రోజు ఆటో నడుపుతూ దాన్ని పైకే అనేశాను. వెనక కూర్చున్నావిడ ‘ఏంటండీ?’ అని అడిగింది. ‘ఏం లేదండీ’ అన్నాను. నోరు తిరగని ఆ మాట నాకంత తేలిగ్గా అర్థం కావడానికి కారణముంది. చిన్నప్పుడు అది మా ఇంట్లో తలుపు మూల నిలబెట్టి ఉండేది.

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరు. కాలువ మీద తూములు కాసే ఉద్యోగం. తూము షట్టరు ఎత్తడానికి, దించడానికి తిప్పే ఇనప హ్యాండిలు పని అయ్యాక మా ఇంటికే వచ్చేది. పిల్లలం దాన్ని ముట్టుకోకూడదు. రెండో పంట దాళ్వాకి నీళ్ళు చాలవని తెలిసిన ఏడు కాలువకి వంతులు పెట్టేవారు. కొన్నాళ్ళు ఎగువ ఊళ్ళకి, కొన్నాళ్ళు దిగువ ఊళ్ళకి. కాలువ చిట్టచివర ఉండే పొలాల్ని శివారు అంటారు. అందరి చేలూ తడిశాక మిగిలితే అక్కడికి నీళ్ళు వెళ్ళాలి. శివారు వంతు వచ్చిన రోజుల్లో మా నాన్న ఇంటికి వచ్చేవారు కాదు, తూము దగ్గరే పడుకునేవారు. మోటార్ సైకిల్ మీద తిరిగే రైతులు మా గుమ్మంలో నిలబడి బతిమాలడం నాకు గుర్తుంది.

‘ఒక్క పూట ఎత్తండి. చేను బీటలు తీత్తంది.’

‘ఎత్తకూడదండి. ఇయ్యాల శివారు వంతు. మీ నీళ్ళు మీకు ఎల్లుండి వత్తాయి.’

‘నీ సొమ్మేవన్నా పోద్దా ఏంటి?’

‘నా సొమ్మయితే ఇచ్చేద్దునండి. గవర్నమెంటుది.’

ఆ మాట అనేటప్పుడు మా నాన్న గొంతు పెంచేవారు కాదు. అవతలివాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయేవారు, ఎందుకంటే హ్యాండిలు ఆయన దగ్గరుంది. రాజ్యం అంటే ఏమిటో తర్వాత ఎన్ని పుస్తకాల్లో చదివినా నా కళ్ళ ముందు కదిలింది ఆ గుమ్మమే.

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇలాంటి నమ్మకం ఒకటి ఉంటుంది. నీరు రాలేదంటే ఎక్కడో ఒక తలుపు మూసి ఉందని, ఆ తలుపు ఎత్తే మనిషి ఎక్కడో ఒక కుర్చీలో ఉన్నాడని. లస్కరు వినకపోతే ఏఈ గారి దగ్గరికి, ఆయన వినకపోతే కాకినాడలో పెద్ద ఆఫీసుకి వెళ్తాం. అక్కడా పని కాకపోతే గట్టు మీద కూర్చుంటాం. ఆలస్యంగానైనా ఎవరో ఒకరు వచ్చి తలుపు ఎత్తుతారు. రెండో నమ్మకం వంతు మీద. చాలని దాన్ని వంతులేసుకుంటే అందరం గట్టెక్కుతామని అనుకుంటాం. మా పేటలో గుడి ఊడ్చడం వంతు, పాస్టరు గారికి భోజనం పంపడం వంతు. కాకినాడ పెద్దాసుపత్రిలో ఎవరినైనా చేర్పిస్తే రోగి దగ్గర కూర్చోవడం కూడా వంతే. ఎవరూ నేర్పక్కర్లేదు, ఎవరూ తప్పించుకోరు.

రొయ్యల ఫ్యాక్టరీ వచ్చిన కొత్తలో మా ఆవిడ వెళ్తానంటే నేను ఉత్సాహంగా ఒప్పుకోలేదు. వరి కోతలు మిషన్లకి పోయాయి, ఊడ్పులు సగం తగ్గాయి, చేలు చెరువులయ్యాయి. ఇంక ఆవిడకి వేరే పని ఎక్కడుంది? వెళ్ళింది. తెల్ల కోటు, తలకి టోపీ, మూతికి గుడ్డ, కాళ్ళకి గంబూట్లు. క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచి లోపలికి వెళ్ళాలి. లోపలంతా చలి. ఐసులో ఉన్న రొయ్య తల తీసి, పెంకు ఒలిచి, వెన్నులో నల్ల నరం లాగాలి. నిలబడే చెయ్యాలి. ఇంటికొచ్చాక చేతులు పొయ్యి దగ్గర పెట్టుకుని కూర్చునేది. ‘వేళ్ళు నావి కావన్నట్టు ఉంటన్నాయండీ’ అనేది. అయినా మానలేదు. నెల తిరిగేసరికి జీతం తన పేరున బ్యాంకులో పడడం ఆవిడకి మొదటిసారి. ఆ పని వచ్చాక నడకే మారింది.

విదేశీ కొనుగోలుదారు ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తున్నాడంటే వారం ముందు నుంచీ అక్కడ హడావుడి. గోళ్ళు కత్తిరించుకోవాలి, గాజులు తీసెయ్యాలి, పూలు పెట్టుకోకూడదు. అలా ఒకసారి వచ్చి వెళ్ళాక మా ఆవిడ సంబరంగా చెప్పింది.

‘బాత్రూములు కొత్తవి కట్టేశారండీ. తలుపులకి గడియలు కూడా. తాగడానికి కూలింగ్ వాటర్.’

‘అవన్నీ మన చట్టంలో ఎప్పట్నుంచో ఉన్నాయి. ఫ్యాక్టరీల చట్టం. వేరేగా ఎవడో వచ్చి చెప్పక్కర్లేదు’ అన్నాను, చదివినవాణ్ణి కదా.

‘చట్టంలో ఉంటే నాకేంటి? గడియ వచ్చింది బయ్యర్ వచ్చినప్పుడే.’

‘మన లేబర్ ఇన్‌స్పెక్టర్ గారు రారా?’

‘వత్తారు. ఏసీ రూములో టీ తాగి ఎల్తారు. ఆ తెల్లాయన బాత్రూములోకి ఎల్లి గడియేసి చూశాడండీ! మేవందరం బయట నవ్వాపుకోలేక చచ్చాం.’

ఆవిడతో పాటు నేనూ నవ్వాను. కానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. మా నాన్న తూము దగ్గర పడుకుని కాపాడిన దాన్ని వేరే దేశపు వ్యాపారి చేత్తో ఇప్పించుకుంటున్నాం అనిపించింది. ఇచ్చేవాడు మారితే తీసుకునేవాడికి ఏం మారుతుంది అని అప్పుడు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

అమెరికావాళ్ళు మన రొయ్యల మీద సుంకం పెంచారన్న వార్త నేను లైబ్రరీలోనే చదివాను. మొదట వచ్చింది దిగులు కాదు. నేను చదివిన పాఠం పేపర్లో కనిపించినందుకు ఒక రకమైన హుషారు. దిగుమతి సుంకం అంటే ఏమిటో, ఎందుకు వేస్తారో నాకు తెలుసు. ఆ సాయంత్రం అన్నం తింటూ మా ఆవిడకి వివరించాను.

‘అక్కడోళ్ళు పన్నేసుకుంటే అక్కడోళ్ళే కట్టుకుంటారు. మనకేంటి?’ అంది.

‘ధర పెరిగితే వాళ్ళు కొనడం తగ్గిస్తారు. ఇక్కడ ఆర్డర్లు తగ్గుతాయి.’

‘అయితే మన గవర్నమెంటు ఊరుకుంటదా? తీయించదా?’

‘మాట్లాడుతున్నారంట.’

‘మాట్లాడ్డం ఏంటండీ? మావయ్య అయితే ఎవరితో మాట్టాడేవోరు? ఎత్తకూడదంటే ఎత్తకూడదు. అంతే కదా?’

కూర బాగుందని చెప్పి లేచాను.

కొన్నాళ్ళకే బస్సులో మేస్త్రీ కబురు తెచ్చాడు. ఫ్యాక్టరీకి మనుషుల్ని తీసుకెళ్ళే కాంట్రాక్టరు తరఫు మనిషి అతను, పక్క ఊరివాడే. కోప్పడి చెప్పలేదట. డ్రైవర్ పక్కన నిలబడి, వెనక్కి తిరిగి, చావు కబురు చెప్పే గొంతుతో చెప్పాడట. వచ్చే సోమవారం నుంచి ప్రతి ఊరి నుంచీ సగం మందే రావాలి, ఆ సగం ఎవరో ఊళ్ళో మీరే తేల్చుకోండి అని.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళందరూ గుడి ఆవరణలోనే ఉండిపోయారు. మగవాళ్ళం గేటు దగ్గర నిలబడ్డాం. వాళ్ళలో అందరికంటే పెద్దావిడ, మా ఇంటి పక్కనే ఉంటుంది, అందరం పెద్దమ్మా అనే పిలుస్తాం, ఆవిడ గొంతు సవరించుకుంది.

‘ముసిల్దాన్ని. నన్నాపేయండర్రా. మీకు పిల్లలున్నారు.’

‘నిన్నాపేత్తే బస్సులో పాటలెవరు పాడతారు పెద్దమ్మా?’ అని ఎవరో అంటే నవ్వులు లేచాయి.

అప్పుడు మా ఆవిడ అంది. ‘ఎవుర్నీ ఆపక్కర్లేదు. వంతులేసుకుందాం. ఓ రోజు సగం మందిమి, ఓ రోజు తక్కిన సగం. ఆళ్ళకి కావాల్సింది తలకాయల లెక్కేగా? మా మావయ్య తూము కాడ ఏసినట్టు ఏసుకుందాం.’

‘మరి శివారు ఎవరే వదినా?’

‘నేనే శివారు. నాది ఆఖరి వంతు. సరేనా?’

ఒప్పుకోని మనిషి లేదు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. గేటు దగ్గర నిలబడి వింటున్న నాకు కళ్ళు చెమర్చాయి. కాలువ మీద అంత పెద్ద శాఖ, ఇంజనీర్లు, లస్కర్లు కలిసి చేసే పనిని వీళ్ళు బెల్లం ముక్క పంచుకున్నంత తేలిగ్గా చేసేశారు. పుస్తకాల్లో చదివిన సమానత్వం అనే మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ చూడలేదని లైబ్రేరియన్ గారికి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు తల ఊపారు.

అలా కొన్ని నెలలు నడిచింది. వంతు లేని రోజు మా ఆవిడ ఇంట్లో ఉండేది. మొదట్లో ఆ తీరిక బాగుందంది. ‘వేళ్ళు మళ్ళీ నావి అవుతున్నాయండీ, పోట్లు తెలుత్తన్నాయి’ అంటూ వేళ్ళు మడిచి చూపించేది. ఇంట్లో ఇబ్బంది ఉంది, లేకపోలేదు. కానీ పేటలో ఎవరి పొయ్యీ ఆరలేదు. పక్క ఊళ్ళో అలా జరగలేదు. అక్కడ గొడవలు పడి, గట్టిగా అరవగలిగిన సగం మంది పని నిలబెట్టుకున్నారు, తక్కిన సగం ఇంట్లో కూర్చున్నారు. ఆ ఊరి గురించి మాట్లాడుకునేటప్పుడు మా వాళ్ళ మాటల్లో కాస్త గొప్ప వినిపించేది. నా మాటల్లోనూ.

తర్వాత ఫ్యాక్టరీ వేరే దేశాల ఆర్డర్లు పట్టిందని తెలిసింది. అమెరికా పోతే ఇంకోటి. మళ్ళీ మనుషుల్ని పూర్తిగా తీసుకుంటారన్నారు. మా ఆవిడ తెల్ల సాక్సులు ఉతికి ఆరేసింది. మర్నాడు బస్సు ఆగింది గానీ ఎవర్నీ ఎక్కించుకోలేదు. మేస్త్రీ కిందికి దిగాడు. నేను అక్కడే ఆటో తుడుచుకుంటున్నాను.

‘రెగ్యులర్‌గా వచ్చినోళ్ళనే తీసుకోమన్నారమ్మా. కొత్త బయ్యర్ల రూలు. రోజూ వచ్చేవాళ్ళు, చెయ్యి తిరిగినవాళ్ళు కావాలంట. మీ ఊళ్ళో ఒక్కళ్ళకీ హాజరు సగం దాటలేదు. కంప్యూటర్ మీ పేర్లు తీసుకోటం లేదు.’

‘మేం నాగా పెట్టలేదండీ,’ అంది మా ఆవిడ. ‘వంతు. ఒకళ్ళ బదులు ఒకళ్ళు. మీరడిగినంతమందిమీ రోజూ వచ్చాం కదా? ఒక్క రోజు తక్కువయ్యామా?’

‘తక్కువవలేదు. కానీ ఊరు వస్తే చాలదమ్మా, మనిషి రావాలి. ఆ వేలిముద్ర మిషన్‌కి ఊరు తెలీదు. వేలే తెలుసు.’

‘మరి పక్కూరోళ్ళు?’

‘ఆ సగం మందీ రోజూ వచ్చారు కదా. రెగ్యులర్.’

పెద్దమ్మ మేస్త్రీ చెయ్యి పట్టుకుంది. ‘ఒరేయ్ అబ్బాయ్, పంచుకు తిన్నోళ్ళకి పని లేదు, లాక్కు తిన్నోళ్ళకి ఉందా? ఇదేం నాయంరా?’

అతను చెయ్యి విడిపించుకోలేదు. ‘నన్నేం చెయ్యమంటావే అమ్మా. రోజూ ఈ రోడ్డునే పోతాం. ఎవరన్నా మానేసి మనుషులు తగ్గితే ఆపుతాను. రోడ్డు మీద కనపడండి’ అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. పక్క ఊరి ఆడవాళ్ళు కిటికీల్లోంచి మా వాళ్ళని చూశారు గానీ ఒక్కరూ పలకరించలేదు.

నీరు రాకపోతే ఏం చేస్తామో అదే చేశాం. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. పెద్దమ్మ, మా ఆవిడ, ఇంకో ఇద్దరు నా ఆటోలో కూర్చున్నారు, తక్కినవాళ్ళు బస్సెక్కారు. అర్జీ నేనే రాశాను. పని హక్కు గురించి, ప్రభుత్వ బాధ్యత గురించి రాజ్యాంగంలో ఉన్న మాటలు కూడా రాశాను. అక్కడ కంప్యూటర్ దగ్గరి అబ్బాయి అంతా చదివి, తల గోక్కుని, ‘ఏ శాఖకండీ ఇది?’ అని అడిగాడు. కార్మిక శాఖకి వేసి, మా ఆవిడ ఫోన్ నంబరు ఎక్కించుకుని, పై అంతస్తుకి పంపించాడు.

అక్కడి ఆఫీసరు గారు మంచి మనిషి. ఆడవాళ్ళకి కుర్చీలు వేయించి, ఫ్యాన్ పెంచమన్నారు. ఒక్కొక్కరినీ విన్నారు. విన్నాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

‘మీరు కంపెనీ ఉద్యోగులు కాదమ్మా, కాంట్రాక్టరు మనుషులు. కాంట్రాక్టరు మిమ్మల్ని తీసెయ్యలేదు, పిలవడం లేదు. తీసేస్తే అడగడానికి నాకు దారి ఉంది. పిలవనందుకు లేదు.’

‘మీరోసారి ఫోన్ చేత్తే, బాబూ...’ అంది పెద్దమ్మ.

‘చేస్తానమ్మా. చాలా మర్యాదగా మాట్లాడతారు వాళ్ళు. సార్ సార్ అంటారు. బయ్యర్ రూలు సార్ అంటారు. ఆ బయ్యర్ ఎవరో, ఏ దేశంలో ఉంటాడో నాకు తెలియదు. ఆయనకి నేను నోటీసు ఇవ్వలేను కదా.’

నేను ఉండబట్టలేక అందుకున్నాను. ‘చట్టం ఉంది కదండీ సార్. గట్టిగా అడిగితే...’

‘అడగొచ్చండి. గట్టిగా అడిగితే ఇంకో రాష్ట్రంలో షెడ్డు వేసుకుంటామంటారు. ఆ ఫ్యాక్టరీకి రోడ్డు మేమే వేశాం. కరెంటు మేమే ఇచ్చాం. రండి రండి అని పిలిచిందీ మేమే. ఇప్పుడు వెళ్ళిపోకుండా చూసుకోవాల్సిందీ మేమే.’ అలా అనేసి తలుపు వైపు చూశారు, ఎవరైనా విన్నారేమోనన్నట్టు.

అప్పుడు మా ఆవిడ అడిగింది. ‘అయితే ఈ తూము ఎవరి చేతిలో ఉందండీ?’

ఆఫీసరు గారు ఆవిడ వైపు తిరిగారు. ‘మీది కాలవ మీద ఊరా?’

‘ఆయ్. మా మావయ్య లస్కరండి.’

‘మాది శివారు ఊరమ్మా. చిన్నప్పుడు వంతు నీళ్ళకోసం మా నాన్నతో నేనూ గట్టు మీద కూర్చున్నాను.’ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అన్నారు, ‘నిజం చెప్పాలంటే ఎవరి చేతిలో ఉందో నాకూ తెలీదు. నా చేతిలో లేదని మాత్రం తెలుసు.’

‘అయితే మీరు మాకన్నా కట్టంలో ఉన్నారు బాబూ. మాకింకా మీరున్నారు, మీకెవరూ లేరు’ అంది పెద్దమ్మ. పక్క బల్లల దగ్గరి గుమస్తాలు కూడా నవ్వారు. ఆఫీసరు గారూ నవ్వారు. టీ తెప్పించారు. మేం దణ్ణం పెట్టి వచ్చేశాం.

ఆటో ఇంటిదారి పట్టింది. ఇదివరకు ఏ ఆఫీసు నుంచి వచ్చినా దారంతా ఎవరో ఒకరిని తిట్టుకుంటూ వచ్చేవాళ్ళం. లస్కరుని, ఏఈని, ఎమ్మెల్యేని. తిట్టుకుంటే సగం బరువు తీరేది. ఆ రోజు తిట్టడానికి మనిషి దొరకలేదు. మేస్త్రీ మా వాడే, ఆఫీసరు మంచివాడు. ఫ్యాక్టరీ యజమాని కూడా బయ్యర్ మాటే వినాలంటారు. ఆ బయ్యర్ కూడా ఎక్కడో షాపులో రొయ్య ప్యాకెట్టు ఎంతకి అమ్ముడవుతుందా అని చూసుకుంటూ ఉంటాడేమో.

కొన్నాళ్ళకి మా ఆవిడ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడినది అని.

‘పరిష్కరించబడటం అంటే?’ అంది.

‘తేలిపోయిందని.’

‘ఏం తేలింది?’

నిఘంటువు చూడక్కర్లేని మాట అది. అయినా ఫోన్ తీసుకుని మెసేజ్ మళ్ళీ చదివాను.

ఆ వారం లైబ్రరీలో ప్రపంచీకరణ మీద ఒక పుస్తకం మళ్ళీ తీశాను. అంతకుముందు పెన్సిల్‌తో గీతలు గీసుకున్నదే. పెట్టుబడి సరిహద్దులు దాటి తిరుగుతుంటే రాజ్యం బలహీనపడుతుందని, దాని పాత్ర మారుతుందని అందులో ఉంది. మొదటిసారి చదివినప్పుడు బాగా అర్థమైంది. ఈసారి మధ్యలో ఆగాను. రాజ్యం బలహీనపడితే, వేరే దేశపు రాజ్యం ఒక్క సంతకంతో మా గుడి ముందు బస్సు ఆగకుండా ఎలా చెయ్యగలిగింది? అది బలం కాక ఏమిటి? మా రాజ్యం కూడా ఊరికే కూర్చోలేదు. రేషన్ ఇస్తోంది, పెద్దమ్మకి పెన్షన్ ఇంటికే తెచ్చి ఇస్తోంది, ఫోన్‌కి మెసేజ్ పంపిస్తోంది. దగ్గరుండి చేసే పనులు ఇదివరకటికంటే ఎక్కువే చేస్తోంది. అయితే తలుపు ఎత్తే పని మాత్రం దాని చేతుల్లోంచి వెళ్ళిపోయింది. ఇప్పుడు అది కూడా మాతో పాటు గట్టు మీద కూర్చుని ఎగువ వైపు చూస్తోంది. ప్రపంచం మొత్తానికి మేం శివారు. మాకు వంతు వేసినవాళ్ళు ఎవరూ లేరు. కాలువ నీటికయితే శివారు వంతు రోజున తూము దగ్గర పడుకునే మనిషి ఒకడుండేవాడు.

ఇదంతా లైబ్రేరియన్ గారికి చెప్పాలనుకున్నాను. ఆయన నిఘంటువు బల్ల మీద పెడితే ఏ మాట వెతకాలో తెలియక, పుస్తకం తిరిగిచ్చేసి వచ్చేశాను.

మా నాన్న రిటైరైన రోజు హ్యాండిలు ఆఫీసులో అప్పగించి వచ్చారు. తలుపు మూల ఆ ఇనుము ఆనుకున్న చోట గోడకి గీత మిగిలింది. సున్నం వేసినా పోదు. ఈ మధ్య అటు చూడడం మానేశాను.

బస్సు ఇప్పటికీ ఆ రోడ్డునే పోతుంది. రోడ్డు మీద కనపడమన్నాడు కదా మేస్త్రీ. ఎవరన్నా మానేస్తే, ఒకరో ఇద్దరో తక్కువైతే ఆపుతానన్నాడు. అందరూ వెళ్ళి నిలబడితే తోసుకోవడమే అవుతుందని మా వాళ్ళు దానికీ వంతులు వేసుకున్నారు. ఆ మాట విన్నప్పుడు నేను మా ఆవిడతో గట్టిగానే అన్నాను. ‘వంతుల వల్లే కదా పని పోయింది, మళ్ళీ వంతులేంటి?’ అని. ఆవిడ నాకేసి వింతగా చూసింది. ‘మరెలా నిలబడమంటారు? ఒకళ్ళనొకళ్ళు తోసుకునా?’ అంది.

రోజూ తెల్లవారకముందు ఇద్దరో ముగ్గురో గుడి ఎదురుగా నిలబడతారు. క్యారేజీ ఉంటుంది, తల దువ్వుకుని ఉంటుంది, గోళ్ళు కత్తిరించుకుని ఉంటాయి. పెద్దమ్మ తన వంతు ఒక్కటీ తప్పలేదు. ఎప్పుడో ఒకసారి బస్సు నెమ్మదిస్తే క్యారేజీలు చేతుల్లోకి లేస్తాయి, తీరా చూస్తే ఎదురుగా గేదె.

మొన్న మా ఆవిడ వంతు. ఆఖరి వంతు, తనొక్కతే. తోడుగా నేనూ వెళ్ళి ఆటోలో కూర్చున్నాను. కాలువ మీద మంచు పడుతోంది. బస్సు లైట్లు మలుపు దగ్గర కనపడగానే ఆవిడ చెంగు సర్దుకుని ఒక అడుగు ముందుకి వేసింది. నేను దిగి పక్కన నిలబడ్డాను, నా వల్ల ఏదైనా అవుతుందన్నట్టు. డ్రైవర్ పాతవాడే. గుడి దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ హారన్ కొట్టాడు. ఫుట్‌బోర్డు దగ్గర నిలబడ్డ మేస్త్రీ చెయ్యి అడ్డంగా ఊపాడు. లేదని. కిటికీల నిండా మనుషులున్నారు. బస్సు వెళ్ళిపోయింది.

ఎర్ర లైట్లు కనపడినంతసేపూ మా ఆవిడ అలాగే నిలబడింది. తర్వాత క్యారేజీ నా చేతికిచ్చింది.

‘స్టేషన్‌లో తినెయ్యండి. చల్లారిపోద్ది.’

నేను ఆటో తీస్తుంటే ఇంటి వైపు నడుస్తూ వెనక్కి తిరిగి అంది.

‘రేపు పెద్దమ్మ వంతు. చలిగా ఉంటంది, ఓ పాలి ఆటోలో కూచోబెట్టండి, బస్సు వచ్చేదాకా.’